తాళ్లు లేని తెరచాప కొయ్య విరిగింది, ఇప్పుడెట్లా?

ప్రొద్దుటూరోనికి తెరచాప పడవతో ఏం పని అంటారా? నిజమే, మా పెన్నలో నిండుగా నీళ్లు పారితే జనం చూడ్డానికి పోతారు. కానీ హైదరాబాద్‌లో కోడింగ్ చేసే రోజుల్లో నేను శని, ఆదివారాలు హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నా. తర్వాత ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఒక పాత లేజర్ పడవ కొన్నాం. మూడో వారమే, జూలై గాలికి, దాని మాస్ట్ టప్‌మని విరిగింది. మాస్ట్ అంటే తెరచాప కొయ్య.

చిన్నప్పుడు మిద్దె మీద టీవీ యాంటెన్నా పైపుకు నాలుగు పక్కలా తీగలు లాగి కట్టేవాళ్లు కదా. చాలా పడవల మాస్టులు అట్లాగే తాళ్ల మీద నిలబడతాయి. సంస్కృతంలో మాస్ట్‌ను గుణవృక్షం అంటారు, తాళ్ల చెట్టు అని. లేజర్‌కు ఆ తాళ్లు ఉండవు. డెక్‌లో ఒక గుంత ఉంటది, మాస్ట్ అందులో దిగి జొన్న దంటు మాదిరి గాలికి ఊగుతుంది. బరువంతా మొదలు మీదే.

లేజర్ మాస్ట్ రెండు అల్యూమినియం గొట్టాలు. పైది కిందిదాంట్లో దూరుతుంది. ఎంతవరకు దూరాలో ఆపేది ఒక ప్లాస్టిక్ కాలర్, దాన్ని పట్టుకునేది ఒక రివెట్. మాది సరిగ్గా ఆ రివెట్ రంధ్రం దగ్గరే పోయింది. ఎక్కువ వంగే చోటే రంధ్రం ఉండటం, దాంట్లో నీళ్లు చేరి అల్యూమినియం తెల్లగా పొడి రాలడం, పాత లేజర్లకు మామూలు జబ్బే ఇది.

కింది గొట్టంలో మిగిలిన మూరెడు ముక్క బ్యాగులో వేసుకుని ఊరికొచ్చినా. మా ఊరి లేత్ షాపు అన్న దాన్ని తిప్పి చూసి, "ఇంతేనా? వెల్డింగ్ కొడ్తే రాయి మాదిరి అయితాది" అన్నాడు. నేనూ సరే అనబోయినా, అంత చవక మరి! కానీ చదివింది బీటెక్ కదా, ఒక్క డౌట్ కొట్టింది. ఇట్లాంటి అల్యూమినియానికి బలం వేడిచేసి, చల్లార్చి ఎక్కిస్తారు. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ ఆ బలం దిగిపోతుంది. మళ్లీ అక్కడే విరుగుతుంది, ఈసారి నట్టనడి చెరువులో.

మరి ఇనుప పైపు? అల్యూమినియం కంటే దాదాపు 3 రెట్లు బరువు. పైన బరువు పెరిగితే పడవ ఊరికే బోల్తా కొడుతుంది. పోనీ కొంచెం లావు అల్యూమినియం పైపు? గోడ మందం అంతే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే గట్టిదనం 8 రెట్లు అవుతుంది. అప్పుడు మాస్ట్ వంగదు, ఆ దెబ్బంతా డెక్ గుంత మీద పడుతుంది. పాత పడవలో మాస్ట్ కంటే భయపడాల్సింది ఆ గుంతకే. దాన్ని నీళ్లతో నింపి కాసేపు చూడండి. మట్టం తగ్గితే పడవ లోపలికి కారుతున్నట్టే, ముందు అది బాగుచేయించాలి. మేం కొనేటప్పుడు ఈ పని చేయలేదు, తర్వాత చేసినాం. అదృష్టం, కారలేదు.

ఒక రకంగా మాకు లక్కే. బ్రూస్ కిర్బీ గీసిన ఈ పడవలు 2 లక్షలకు పైగా తయారైనాయి, కొలతలన్నీ ఒకటే. మనకంటే పాత పడవకు కూడా ఇప్పటి గొట్టం సరిపోతుంది. నాన్‌సచ్ లాంటి పెద్ద పడవలు కొన్నోళ్ల పాట్లు చూడాలి. అవీ తాళ్లు లేని మాస్టులే, కానీ వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది. జంక్ తెరచాపల వాళ్లయితే పైకి సన్నబడే అల్యూమినియం వీధి దీపం స్తంభాలు తెచ్చి మాస్టులు చేసుకుంటారు. జోక్ కాదన్నా!

మాకు చివరికి దొరికింది సెకండ్ హ్యాండ్‌లోనే. రేసులు ఆడేవాళ్లు పై గొట్టం మార్చి కాంపోజిట్‌ది వేసుకుంటున్నారు, పాత అల్యూమినియంది మూల పడేస్తారు. అట్లాంటిదొకటి అడిగి తెచ్చుకున్నాం. కొనే ముందు నేను మూడు చూసినా: నేల మీద దొర్లిస్తే ఎగుడుదిగుడు లేకుండా పోతుందా, రివెట్ చుట్టూ వెంట్రుక లాంటి పగులు ఉందా, తెల్ల పొడి ఉందా. మొదట చూపించిన గొట్టానికి పగులు ఉండె, వెనక్కి ఇచ్చేసినాం. రెండోదే ఇప్పుడు మా పడవ మీద ఉంది.

ఆ మూరెడు ముక్క మాత్రం లేత్ షాపు అన్న దగ్గరే ఉంది. దాన్ని సుత్తికి పిడి చేసుకున్నాడు.