గుమ్మడికాయ తీపి – అమేలియా పుస్తకం



గుమ్మడికాయ తెలియని ఇల్లు లేదు. తీగ దడి మీద పాకుతుంది. ఇంటి కప్పు మీదికి ఎక్కుతుంది. కాయను దప్పళంలో వేస్తాం. బెల్లం పెట్టి కూర వండుతాం. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు పెడతాం. ఇదే గుమ్మడికాయతో అమెరికాలో ఏటా పండుగ తీపి చేస్తారు. ఈనాటి మాట ఆ తీపి గురించి. దాని కొలతలను పుస్తకంలో అచ్చు వేయించిన ఒక ఆడమనిషి గురించి కూడా.

తీపి గుమ్మడి పుట్టిందే ఆ వైపు. మెక్సికో ప్రాంతంలో జనం వేల ఏళ్ల కిందటే దాన్ని పండించారు. 1492లో కొలంబస్ ఓడలు అమెరికా వైపు చేరాయి. ఆ తర్వాతే గుమ్మడి సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. దిష్టికి గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడి వేరే జాతి. అది ఆసియా కాయే.

అమెరికాలో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఆకులు రాలే కాలం. మనకు దసరా, దీపావళి వచ్చే రోజులన్నమాట. గుమ్మడి పంట అప్పుడే చేతికొస్తుంది. అక్టోబరు 31న హాలోవీన్ అనే వేడుక. గుమ్మడికాయను తొలిచి, కళ్లూ నోరూ చెక్కి, లోపల దీపం పెట్టి గడప దగ్గర ఉంచుతారు. చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ చెక్కే కాయల్లో పీచు ఎక్కువ, తీపి తక్కువ. వంటకు వేరే రకం కాయలు వాడతారు. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ అనే పెద్ద పండుగ. చేతికొచ్చిన పంటకు, కలిగిన మేలుకు కృతజ్ఞత చెప్పుకునే పండుగ అది. 1941లో చట్టం చేసి ఆ రోజును ఖాయం చేశారు. దూరాన ఉన్న పిల్లలు ఇంటికి చేరతారు. భోజనం చివర గుమ్మడికాయ 'పై' పెడతారు.

పై అంటే ఇక్కడ 'మీద' అని కాదు. అది వంటకం పేరు. మైదా, వెన్న కలిపి, రొట్టెలా వత్తి, పళ్లెంలో పరుస్తారు. ఉడికిన గుమ్మడి గుజ్జు, పాలు, గుడ్లు, పంచదార కలిపి అందులో పోస్తారు. దాల్చినచెక్క, శొంఠి, లవంగం, జాజికాయ పొడులు వేస్తారు. ఓవెన్‌లో కాలుస్తారు. ఓవెన్ అంటే అన్ని వైపులా వేడి తగిలేలా మూసి ఉండే పొయ్యి. చూశారా, ఆ పొడులన్నీ ఆసియావి. గుమ్మడి అటు నుంచి ఇటు వచ్చింది. ఇవి ఇటు నుంచి అటు పోయాయి.

ఇక పుస్తకం సంగతి. 1796లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో 'అమెరికన్ కుకరీ' అనే వంటల పుస్తకం అచ్చయింది. 47 పేజీల చిన్న పుస్తకం. రాసినామె అమేలియా సిమన్స్. పేరుతో పాటు తాను అనాథనని కూడా మొదటి పేజీలోనే వేయించుకుంది. అంతకు ముందు ఆ దేశంలో ఇంగ్లండు వంటల పుస్తకాలనే అచ్చు వేసుకునేవారు. అమెరికా మనిషి రాసి, అమెరికాలో అచ్చయిన తొలి వంటల పుస్తకం ఇదేనని చెబుతారు.

అందులో గుమ్మడి తీపి రెండు రకాలు. ఒకటి కలవారిది. గుజ్జు సుమారు లీటరు, మీగడ లీటరున్నర, గుడ్లు 9. ముప్పావు గంట కాల్చాలి. రెండోదానికి మీగడ అక్కర్లేదు, పాలు చాలు. గుడ్లు 4. పంచదార చేసేటప్పుడు మిగిలే నల్లటి పాకం తీపికి సరిపోతుంది. గంట కాల్చాలి. ఈ రెండోదే నయం. లీటరున్నర మీగడ ఎవరింట్లో ఉంటుంది?

అమేలియాకు వంట బాగా వచ్చు. చదువు మాత్రం అంతగా లేదు. పుస్తకానికి తగ్గట్టు రాయడం రాదు. అందుకని ఇంకొకరి చేత రాయించుకుంది. ఆ మనిషి ముఖ్యమైనవి కొన్ని వదిలేశారు. వాటి చోట లేనిపోనివి పెట్టారు. బియ్యంతో చేసే ఒక తీపిలో 8 గుడ్లు ఉండాల్సింది 14 అని పడింది. అర పౌను వెన్న ఉండాల్సింది పౌను అని పడింది. పౌను అంటే అర కిలోకు కాస్త తక్కువ. డబ్బు పెట్టి పుస్తకం కొన్న ఇల్లాలు 6 గుడ్లు, బోలెడు వెన్న దండగ చేసుకుని, చివరికి ఎవరిని తిట్టుకుంటుంది? అమేలియానే కదా! నా అన్నవాళ్లు లేని మనిషికి మంచిపేరు ఒక్కటే ఆస్తి.

ఆమె ఊరుకోలేదు. తప్పొప్పుల పట్టిక అచ్చు వేయించి పుస్తకానికి చేర్చింది. తనకు తగినంత చదువు లేదని దాచకుండా చెప్పింది. రాసిన మనిషి కావాలనే తనను మోసం చేశారని, పుస్తకం అమ్మకం చెడగొట్టాలని చూశారని తెగేసి చెప్పింది. పేరు మాత్రం బయటపెట్టలేదు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునేవారు ఆ ఊళ్లో ఒకరు ఉండే ఉంటారు! తర్వాత ఆ పుస్తకం ఎన్నోసార్లు మళ్లీ అచ్చయింది.

ఆమె చెప్పిన రెండో రకానికి దగ్గరగా, మైదా పొర లేకుండా, ఇంట్లోనే చేసుకోవచ్చు. ఓవెన్ లేకపోయినా ఫరవాలేదు. ముందు పచ్చి ముక్క కొంచెం నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. చేదు గుమ్మడి, చేదు సొరకాయ విషంతో సమానం. ఉడికించినా ఆ విషం పోదు.

మంచి కాయను నీళ్లలో కాకుండా ఆవిరి మీద ఉడికించాలి. మెదిపి, పలచటి గుడ్డలో వేసి నీరు కారనివ్వాలి. నీరు మిగిలితే తీపి గట్టిపడదు. గుజ్జు 2 గ్లాసులు తీసుకోండి. మరిగించి చల్లార్చిన చిక్కటి పాలు 1 గ్లాసు, పంచదార ముప్పావు గ్లాసు, గిలకొట్టిన గుడ్లు 3 కలపండి. పాలు వేడిగా ఉంటే గుడ్డు విరిగి ముద్దలు కడుతుంది. శొంఠి, దాల్చినచెక్క పొడులు అర చెంచా చొప్పున, చిటికెడు ఉప్పు వేయండి. నెయ్యి రాసిన గిన్నెలో సగానికి పోయండి.

మందపాటి పెద్ద గిన్నెలో రెండు వేళ్ల మందం ఇసుక పరవండి. మూత పెట్టి పది నిమిషాలు వేడి చేయండి. ఇసుక మీద చిన్న స్టాండు పెట్టి, దాని మీద తీపి గిన్నె ఉంచి, మళ్లీ మూత పెట్టండి. సన్నని సెగ మీద ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. కుక్కర్‌లో చేసేవారు విజిలు, రబ్బరు తీసేయాలి. చాకు గుచ్చితే తడి అంటకుండా రావాలి. అప్పుడు దించి చల్లారనివ్వండి.

గుడ్డు తిననివారు అదే గుజ్జును నేతిలో వేయించి, పాలు, పంచదార వేసి హల్వా చేసుకోవచ్చు. పచ్చటి గుమ్మడి రేచీకటి రాకుండా కాపాడే కూరల్లో ఒకటి. నెయ్యో నూనో తోడైతే ఒంటికి ఇంకా బాగా పడుతుంది.

ఒక్కో ఇంటి గ్లాసు ఒక్కోలా ఉంటుంది. మొదటిసారి చేసిన రోజే ఏ గ్లాసుతో కొలిచారో, ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. గుడ్డూ పాలూ పడిన తీపి కనుక ఫ్రిజ్ లేనివారు ఆ పూటే తినేయాలి. గింజలు పారేయకండి. కడిగి, ఎండబెట్టి, ఉప్పు చల్లి వేయిస్తే పిల్లలు ఇష్టంగా తింటారు.