రాగిరేకులకు మళ్లీ గొంతు

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో సంగీతం నేర్చుకునే పిల్లలకు అన్నమయ్య కీర్తనలు బాగా తెలుసు. మరి వారు పాడే వరుస అన్నమయ్యదేనా?

పాత పాట బాణీ ఎలా నిలుస్తుందో తెలియాలంటే ముందు ప్రాచీన గ్రీకుల సంగతి చూద్దాం. సెయికిలోస్ అనే ఆయన నిలిపిన ఒక స్మారక శిల 1883లో నేటి టర్కీలోని ఐదిన్ దగ్గర వెలుగు చూసింది. దాని మీద పాటతో పాటు స్వరాలకూ కాలానికీ గుర్తులున్నాయి. ఆ గుర్తులను వివరించే పట్టికలను అలిపియస్ అనే పండితుడు రాసిపెట్టాడు. అందుకే దాదాపు రెండు వేల ఏళ్లనాటి ఆ బాణీని ఈనాడు పాడగలుగుతున్నారు.

అన్నమయ్య వంశమైన తాళ్లపాకవారి కథ వేరు. అన్నమయ్య 1503లో పరమపదించారు. కుమారుడు పెదతిరుమలాచార్యులు సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించారు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు ఉండిపోయిన ఆ రేకులు 1920లలో పండితుల చేతికొచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గార్లు వాటి పరిష్కరణకు ఎంతో శ్రమించారు.

రేకుల మీద పాటకు రాగం పేరుంది, స్వరాలు లేవు. ఆ రాగాల్లో కొన్ని వాడుకలోంచే తప్పుకున్నాయి. అప్పుడు రాళ్లపల్లివారు నూరుకు పైగా కీర్తనలకు స్వరరచన చేశారు. తరువాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి విద్వాంసులు ఎన్నో పాటలకు వరుసలు కట్టారు.

సాహిత్యం అన్నమయ్యది, వరుస మన కాలపు విద్వాంసులది. అందుకే పిల్లలకు కీర్తన నేర్పేటప్పుడు స్వరకర్త పేరు కూడా చెబుదాం. ఆ గౌరవం వారికి దక్కాలి.