పిల్లల నోటుబుక్కుల వాళ్ల ఊరుండాలె

(ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణల కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం ప్రతాపరెడ్డి కోపానికొచ్చి ఊకోలేదు. 354 మంది కవులను కూడగట్టి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసి చేతుల పెట్టిండు. ఆయన సొంతూరు మన గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచిండు. ఉన్నోళ్లను లేనట్టు చూపితే ఏం చెయ్యాల్నో ఆయన నేర్పిండు. పేర్లు రాయాలె, ఊర్లు రాయాలె, లెక్క చూపాలె.

ఆ పని ఇప్పుడు బడిల జరగాలని మేము అంటున్నం.

మన తెలుగు వాచకాల్ల పాఠం చివర 'ప్రాజెక్టు పని' ఉంటది. దానికి మార్కులు కూడా ఉంటయి. గైడు చూసి దించుడు, ప్రింటు తీసి అంటించుడుతోటే చాలాచోట్ల అది ఒడుస్తది. గద్వాల పిల్ల తాజ్‌మహల్ బొమ్మ అంటిస్తది. ఇంట్ల మగ్గం మీద నేసే చీర గురించి నాలుగు మాటలు రాయమని ఆమెను అడిగేటోళ్లు తక్కువ.

టీచరు తల్చుకుంటే అదే ప్రాజెక్టును మార్చొచ్చు. కొల్లాపూర్, అలంపూర్ దిక్కు శ్రీశైలం నీళ్లల్ల మునిగిన ఊర్లున్నయి. తాత ఊరు ఎట్లుండె, 1981లో ఊరు ఇడిచిన్నాడు ఏమేం ఎత్తుకొచ్చిన్రు, అడిగి రాసుకరమ్మనాలె. వనపర్తి దిక్కు తండా పిల్ల అవ్వ చెప్పిన కథను ముందు లంబాడీ మాటలోనే తెలుగు అక్షరాలతో రాసి, తర్వాత తెలుగు చెయ్యనియ్యాలె. అమ్రాబాద్, మన్ననూరు చెంచు పిల్లగాడు అడవిల ఏ కాలంల ఏం దొరుకుతదో రాస్తే అది సైన్సు పాఠానికి తక్కువేం గాదు.

అయితే ఒక జాగ్రత్త. "మీ కులమేంది, మీ నాయన ఏం పని చేస్తడు" అని నలుగురి ముందట అడిగి రాయించుడు అవమానమైతది. ఏం రాయాల్నో పిల్లలే ఎంచుకోవాలె. వాళ్లు ఒప్పుకుంటేనే పైకి చదవాలె. ముందుగాల టీచరు తన గురించి రాసి చదివితే పిల్లల భయం పోతది. 'తొవ్వ' అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి 'దారి' అని దిద్దొద్దు. రెండు మాటలూ పక్కపక్కన ఉండనియ్యాలె. పరీక్షల అక్కరొచ్చే భాష కూడా నేర్పాలె. అది నేర్పకుంటే నష్టపోయేది ఆ బిడ్డనే.

రాసుడుతోటే అయిపోదు. ఇటలీల బార్బియానా అనే కొండపల్లె బడిల చదివిన ఎనిమిది మంది పిల్లలు కలిసి, ఒక టీచరుకు ఉత్తరంగా రాసిన పుస్తకం 1967లో అచ్చయింది. బడిల వెనకబడి బయటికి పోయేది పేదల పిల్లలే ఎందుకైతున్నరో వాళ్లు లెక్కలు దీసి చూపెట్టిన్రు. పత్తి విత్తన చేన్లల్ల క్రాసింగు పనికి పిల్లలు పోవుడు మన నడిగడ్డకు తెలిసిన కథే. ఆ కాలంల హాజరు పట్టిల ఖాళీలు కనబడితే, పిల్లలనే దినచర్య రాయమనాలె. ఎన్ని గంటలకు చేనుకు వోయిన్రు, ఏ పాఠం తప్పింది, అన్నీ తెలుస్తయి. పేర్లు తీసేసి ఆ కాయితాలు స్కూలు కమిటీ ముందట, మండల విద్యాధికారి ముందట పెట్టాలె. తప్పిన పాఠాలు మళ్లీ చెప్పాలె. అమ్మానాయనలు వలసపోతే పిల్లలుండేతందుకు హాస్టలు అడగాలె. పిల్లల రాత చూసి పెద్దలు కదలకుంటే అది ఒట్టి గోడబొమ్మ.

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. 2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలైనయి. మన యాసను ఎక్కిరిచ్చిన్రని మనం రోడ్లెక్కినోళ్లం. తండా పిల్ల మాటకు, చెంచు పిల్లగాని మాటకు మన క్లాసులనే నవ్వుతుంటే మనమడిగిన ఆత్మగౌరవం ఎవరిది? జిల్లా బోర్డు మీద పేరు మారుడు సర్కారు పని. నోటుబుక్కుల బిడ్డ బతుకు అచ్చరమైతే అది మీ చేతి పని. వచ్చే ప్రాజెక్టుకు గైడుల లేని ప్రశ్న ఒక్కటి మీరే తయారు చెయ్యుండ్రి. అక్కడ మొదలు పెడదాం.