సోషల్ మాస్టారు అడిగిన ప్రశ్న

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"అమెరికాలో పాతికేళ్లు ఇంజనీరుగా పనిచేశావు కదా, ఆ అనుభవాలు చెప్పు" అన్నారు మన కార్యదర్శి గారు. కంప్యూటర్ల సంగతి నాకన్నా మీ పిల్లలకే బాగా తెలుసు. అందుకని అక్కడ నేను ఆలస్యంగా నేర్చుకున్న ఒక పాఠం చెబుతాను. నిజానికి అది ఇక్కడే, పదో తరగతిలో మన సోషల్ మాస్టారు చెప్పిందే. మార్కుల కోసం బట్టీపట్టి, పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోయాను.

ప్రాథమిక హక్కులు చెబుతూ మాస్టారు ఒకరోజు అడిగారు: "రాజ్యాంగం 19వ అధికరణంలో ‘పౌరులు’ అని రాశారు. 14లోనూ 21లోనూ ‘వ్యక్తి’ అని రాశారు. ఎందుకురా?" ఎవరం చెప్పలేదు. "భావ ప్రకటన, దేశంలో ఎక్కడైనా స్థిరపడడం లాంటివి పౌరుడి హక్కులు. చట్టం ముందు సమానత్వం, ప్రాణం, స్వేచ్ఛ మాత్రం ఈ నేల మీద నిలబడ్డ ప్రతి మనిషికీ ఉంటాయి. వాడు పరదేశి అయినా సరే" అన్నారు. అమెరికా రాజ్యాంగం 5వ, 14వ సవరణల్లో కూడా ఆ రక్షణ ‘వ్యక్తి’ పేరునే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు.

2001 సెప్టెంబర్ 11 తర్వాత అక్కడ మన రంగు వాళ్లందరికీ గడ్డురోజులు వచ్చాయి. నాలుగు రోజులకే అరిజోనాలో బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు సోదరుణ్ణి తన పెట్రోలు బంకు ముందే కాల్చి చంపారు. తలపాగా, గడ్డం చూసి ముస్లిం అనుకున్నారు. ఆ రోజుల్లో నన్నెవరైనా అనుమానంగా చూస్తే, అడక్కముందే "నేను హిందువుని" అని చెప్పేసేవాణ్ణి. చెప్పాక కాస్త ధైర్యంగా ఉండేది. పక్కన ముస్లిం ఉంటే ఆ మాట అతనికి ఎలా వినపడుతుందో ఆలోచించలేదు.

మా ఆఫీసులో నా పక్క సీటు అతను కరాచీవాడు. మేమిద్దరం ఒకే టిఫిన్ డబ్బా పంచుకునేవాళ్లం. 2002–03లో అమెరికా ప్రభుత్వం 25 దేశాల నుంచి తాత్కాలిక వీసాల మీద వచ్చిన, 16 ఏళ్లు నిండిన మగవాళ్లందరూ ఇమిగ్రేషన్ కార్యాలయానికి వెళ్లి ఫొటో, వేలిముద్రలు ఇచ్చి ప్రమాణం చేసి జవాబులు చెప్పాలని నిబంధన పెట్టింది. ఆ 25లో ఉత్తర కొరియా తప్ప మిగిలినవన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. ఇండియా పేరు లేదు. డిసెంబరులో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో అలా తమంతట తాము వెళ్లినవాళ్లలో వందలమందిని అక్కడికక్కడే పట్టి ఉంచారు.

2003 ఫిబ్రవరిలో మా వాడి వంతు వచ్చింది. "భాయ్, నాతో రా. లోపలికి రానక్కర్లేదు. సాయంత్రానికి నేను బయటికి రాకపోతే మా ఆవిడకి ఫోన్ చెయ్యి, చాలు" అన్నాడు. ఆ రోజు పని ఒత్తిడి ఉందన్నాను. పని ఉన్నమాట నిజమే. కానీ ఆ గుమ్మం ముందు అతని పక్కన కనపడితే నా గ్రీన్ కార్డు కాగితాలకు ఏమవుతుందోనన్న భయం అంతకన్నా నిజం. ఉచితంగా సాయం చేస్తున్న ఒక లాయరును వెంటబెట్టుకుని వెళ్లాడు. రాత్రి ఎనిమిదికి బయటికొచ్చాడట. మర్నాడు ఎప్పటిలాగే పలకరించాడు. టిఫిన్ డబ్బా మాత్రం మళ్లీ నా బల్ల మీదికి రాలేదు.

ఆ నమోదులో 80 వేలమందికి పైగా పేర్లిచ్చారు. 13 వేలమందికి పైగా దేశం నుంచి పంపించే కేసులు పెట్టారు. ఉగ్రవాద నేరం మీద ఒక్కరికీ శిక్ష పడలేదు. ముస్లిం పౌరహక్కుల సంఘాలు, వలసదారుల తరఫు లాయర్లు ఏళ్ల తరబడి వెంటపడ్డాక 2011లో దాన్ని ఆపారు. నిబంధననే పూర్తిగా తీసేసింది 2016 డిసెంబరులో.

కొద్ది వారాలకే, 2017 జనవరి 27న, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఏడు దేశాలవాళ్ల రాకను ఆపుతూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. అప్పటికే విమానాల్లో ఉన్నవాళ్లు దిగేసరికి వాళ్ల వీసాలు చెల్లకుండా పోయాయి. పదేళ్లపాటు అమెరికా సైన్యానికి దుబాసీగా, ఇతర పనుల్లో సాయపడ్డ ఇరాకీ హమీద్ ఖాలిద్ దర్వేష్‌ని న్యూయార్క్ విమానాశ్రయంలో దాదాపు 19 గంటలు ఆపేశారు. లాయర్లు వచ్చి, ఆ విమానాశ్రయంలో నేల మీద చతికిలబడి, ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని పిటిషన్లు రాశారు. 28 రాత్రికి బ్రూక్లిన్‌లో జడ్జి ఆన్ డోనెలీ అలా వచ్చినవాళ్లను వెనక్కి పంపకుండా స్టే ఇచ్చారు. నేనిదంతా ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీలో చూశాను.

సరిగ్గా 26 రోజులకు, ఫిబ్రవరి 22న, కాన్సాస్‌లోని ఓలేథ్‌లో హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. పక్కనున్న స్నేహితుడు అలోక్ మదసాని గాయపడ్డారు. అడ్డుపడ్డ ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్ కుర్రాడికీ తూటా తగిలింది. హంతకుడు తర్వాత ఒకచోట ఇద్దరు ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు. "నేను హిందువుని" అనే నా తాయెత్తు విలువ ఆ రాత్రి తెలిసింది. చెప్పుకునే వ్యవధి కూడా శ్రీనివాస్‌కి దొరకలేదు. ఆ మాట చెప్పి తప్పించుకుంటే, ఇరానీ అయితే చంపొచ్చని ఒప్పుకున్నట్టే కదా!

ఆయన భార్య సునయన దుమాల నివాస హక్కు భర్త వీసాకు ముడిపడి ఉండడంతో, ఆయనతోపాటే అదీ పోయింది. కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ తదితరులు పూనుకుంటే ఆమె తిరిగి అక్కడికి వెళ్లి ఉద్యోగం చేయగలిగారు. ఆ అండ దొరకని వాళ్ల మాటేమిటి?

ఇక్కడొక చట్టం సంగతి చెప్పాలి. అమెరికాలో దొంగతనం కేసు పెడితే, డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలి. 1963లో సుప్రీంకోర్టు చెప్పిన మాట అది. దేశం నుంచి పంపించే కేసు మాత్రం సివిల్ వ్యవహారం కింద లెక్క. లాయరు ఖర్చు నిందితుడిదే. 2007 నుంచి 2012 వరకు కేసులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, నిర్బంధంలో ఉన్నవాళ్లలో నూటికి 14 మందికే లాయరు దొరికాడని తేలింది. మిగిలినవాళ్లు ప్రభుత్వ లాయరు ఎదురుగా, రాని భాషలో, ఒంటరిగా నిలబడ్డారు.

2019 జనవరిలో మిషిగన్‌లో అధికారులే నడిపిన ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయం కేసులో 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. తెలిసి చేరిందెవరో, మోసపోయిందెవరో తేల్చాల్సింది కోర్టు. తేలేదాకా వాళ్లకు లాయరు కావాలి. మన తెలుగు సంఘాలు లాయర్ల కోసం పరుగులు పెట్టాయి. నేను ఫోన్లో తెలుగు నుంచి ఇంగ్లీషుకు మాటలు అందించే పనికి ఒప్పుకున్నాను. మొదటి రాత్రి లైన్లోకి వచ్చిన లాయరు ఒక ముస్లిం అమ్మాయి. కుర్రాడు ఏడుస్తున్నాడు. ఆమె అడిగినవి పేరు, పుట్టిన తేదీ, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టాడా అని. అంతే. పదహారేళ్ల కింద నేను వెళ్లని గుమ్మం నా కళ్లముందు మెదిలింది.

ఈ పోరాటాలన్నీ గెలుస్తాయని చెప్పను. ఆ ఉత్తర్వు మూడో రూపాన్ని సవాలు చేసినవాళ్లలో హవాయి ముస్లిం సంఘం, వాళ్ల ఇమామ్ ఉన్నారు. వాళ్ల పక్షాన సుప్రీంకోర్టులో వాదించింది మన దేశం నుంచి వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ నీల్ కత్యాల్. 2018 జూన్‌లో 5–4 తేడాతో ఓడిపోయారు. 2021లో కొత్త అధ్యక్షుడు దాన్ని రద్దు చేశాడు. ప్రభుత్వం మారితే గాలీ మారుతుంది. అందుకే లాయర్లు ఎప్పుడూ ఉండాలి.

మనకింకా పాత ఉదాహరణ ఒకటుంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, "నేను ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే" అని సుప్రీంకోర్టులో పౌరసత్వం కోరాడు. జడ్జీలందరూ ఏకగ్రీవంగా కాదన్నారు. వచ్చిన పౌరసత్వం కూడా కొందరు భారతీయులు పోగొట్టుకున్నారు. "నేను వాళ్లలాంటివాణ్ణి కాను" అనే వాదన ఆనాడూ నిలవలేదు. మనబోటివాళ్లకు తలుపు తెరిచింది 1965 చట్టం. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చిందది. ఎవరో లాఠీలు తిన్న దారిలో మనం సూట్‌కేసులు పట్టుకుని నడిచాం.

ఈ హాల్లో పిల్లల్ని విదేశాలకు పంపినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆవకాయతోపాటు నాలుగు మాటలు కట్టి పంపండి. అమెరికాలో జడ్జి సంతకం చేసిన వారెంటు లేకుండా ఇంటి తలుపు తీయక్కర్లేదు. మౌనంగా ఉండే హక్కు ఉంది. లాయరు చూడందే సంతకం పెట్టొద్దు. ఒక లాయరు నంబరు ఫోన్లోనే కాక నోటికి కూడా వచ్చి ఉండాలి. మన సంఘం ఈ యాభయ్యో ఏట అలాంటి లాయర్ల జాబితా ఒకటి తయారుచేస్తే, దాని పని నేను చూసుకుంటాను. కులం, మతం అడక్కుండా మన బడి పిల్లలెవరికైనా ఇవ్వాలన్నది నా ఒక్క షరతు.

కిందటేడాది ఆ కరాచీ మిత్రుడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆ రోజు రాలేకపోయినందుకు క్షమించమన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుర్తుంది భాయ్" అన్నాడు. క్షమించానని మాత్రం అనలేదు. అడిగే హక్కు నాకూ లేదు.

మాస్టారు గారు ఈ సభకు రాలేకపోయారు. ఆయన ప్రశ్నకు జవాబు నలభై ఏళ్లు ఆలస్యంగా రాసిచ్చాను. మార్కులు మీరే వేయండి.

సెలవు.