ప్రశ్నాభ్యాసము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు వచ్చు పాఠకులలో ఇప్పుడొక క్రొత్త వర్గము కానవచ్చుచున్నది. పురాణమునకును, నవలకును, వార్తాపత్రికకును గాక, ప్రశ్నల పుస్తకమునకై వచ్చు పట్టభద్రులు వీరు. ఎం.బి.ఏ. అను వ్యాపార నిర్వహణ విద్యలో చేరగోరు వారు ముందుగా ప్రవేశ పరీక్ష నెగ్గవలెను. "అంకెలు, చిక్కు ప్రశ్నలు, ఇదియు నొక చదువేనా?" అని పెద్దలలో కొందరు పెదవి విరుచుచున్నారు. ఆ సందేహమును తీర్చుటయు, ఆ యువతీయువకులకు కొంత తోవ చూపుటయు ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ప్రశ్నల మూలమున లెక్క నేర్చుట ఈ సీమకు క్రొత్త గాదు. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని తెనిగించినవాడు పావులూరి మల్లన. రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుడు పిఠాపుర ప్రాంతమున నవఖండవాడ గ్రామమును ఆ వంశమునకు దానమొసగెనని ఆ గ్రంథమునందే కలదు. 1150లో వెలసిన భాస్కరాచార్యుని లీలావతియు ఈ మార్గముననే నడచినది. సూత్రము చెప్పుట, వెంటనే తుమ్మెదల గుంపుపైననో, నెమలి, పాములపైననో ఒక ప్రశ్న వేయుట ఆ పెద్దల పద్ధతి. సూత్రము నోటికి వచ్చుట వేరు, చేతికి వచ్చుట వేరు. ఆ భేదమును తెలుపునది ప్రశ్న యొక్కటియే.

నేటి పరీక్షలును ఆ పనినే చేయుచున్నవి. విదేశములలో పేరుగన్న జీమాట్ అను పరీక్ష మొదట 1954లో జరిగినది. మన దేశమున 1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో ఐ.ఐ.ఎం.లు వెలసినవి, 2015లో విశాఖపట్టణమున నొకటి ఏర్పడినది. వీనికి క్యాట్ అను పరీక్ష కలదు. రాష్ట్రములోని కళాశాలలకు ఐసెట్ కలదు. ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషములు. అనగా ప్రశ్నకు 45 సెకనులు మాత్రమే. కావున లెక్క తెలిసిన చాలదు. ఏది చేయవలెనో, ఏది విడువవలెనో క్షణములో తెలియవలెను.

ఈ పరీక్షలలో "దత్తాంశము చాలునా?" అను తరగతి ప్రశ్నలు కొన్ని యుండును. ఇందు జవాబు కట్టనక్కరలేదు. ఇచ్చిన ఆధారము చాలునో చాలదో చెప్పిన చాలును. ఒక ఉదాహరణము: కౌలు రైతు పొలమున ఎన్ని బస్తాలు పండినవి? మొదటి వాక్యము: కౌలుక్రింద పంటలో మూడవ వంతు కొలిచెను. రెండవ వాక్యము: కౌలు పోగా 40 బస్తాలు మిగిలినవి. మొదటి దానివలన వంతు తెలిసెను గాని బస్తాలు తెలియవు. రెండవ దానివలన మిగులు తెలిసెను గాని కౌలెంతయో తెలియదు. రెండును కలిసినచో మూడింట రెండు వంతులు 40 గనుక పంట 60 బస్తాలు. కావున రెండును కలిసిననే చాలును. ఇచ్చట అభ్యర్థులు పొరబడు చోటొకటి కలదు. రెండవ వాక్యమును చూచునపుడు మొదటిదానిని మనసునుండి తుడిచివేయరు. ఒక సాక్షి చెప్పినదానిని మరియొక సాక్షి నోట పెట్టుట న్యాయము గాదు గదా! పొలము గట్టు తగవు తీర్చు పెద్దలకును ఈ అభ్యాసము అక్కరకు వచ్చును.

తొందరపాటును పట్టియిచ్చు ప్రశ్నలు మరికొన్ని. అంబాజీపేట కొబ్బరి ధర నూటికి పది పెరిగి, మరల నూటికి పది తగ్గెననుకొందము. ధర మొదటికి వచ్చెనని పలువురందురు. 100 రూపాయలు 110 అయి, ఆ 110లో పదవ వంతు 11 తగ్గగా 99 మిగులును. అట్లే 24 మైళ్లు గంటకు 6 మైళ్ల చొప్పున పోయి, 4 మైళ్ల చొప్పున తిరిగివచ్చిన పడవ సగటు వేగము 5 గాదు. పోకకు 4 గంటలు, రాకకు 6 గంటలు, 48 మైళ్లకు 10 గంటలు, సగటు 4.8 మైళ్లు. నెమ్మదిగా నడచిన కాలమే ఎక్కువ గనుక సగటు దానివైపు మొగ్గును.

ఇక తెలియని ప్రశ్నకు ఊహించి గుర్తు పెట్టవచ్చునా? ఐసెట్‌లో తప్పునకు మార్కు తగ్గింపు లేదు. కావున ఏ ప్రశ్ననూ ఖాళీగా విడువరాదు. క్యాట్‌లో నాలుగు జవాబులిచ్చిన ప్రశ్నకు ఒప్పైన 3 మార్కులు వచ్చును, తప్పైన 1 పోవును. గ్రుడ్డిగా నాలుగు ప్రశ్నలకు గుర్తు పెట్టినచో సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పు. రాబడి 3, పోబడి 3, నిలువ సున్న. కాని ప్రతి ప్రశ్నలోను ఒక తప్పు జవాబును నిశ్చయముగా కొట్టివేయగలిగినచో మూడింట ఒకటి ఒప్పు. రాబడి 3, పోబడి 2, నిలువ 1. సగము తెలివికిని విలువ కలదని ఈ లెక్క చెప్పుచున్నది.

అభ్యాసమునకు చిట్టా ముఖ్యము. తప్పిన ప్రతి లెక్కను మూడు పద్దులలో వ్రాయవలెను: ప్రశ్న సరిగా చదువక తప్పినది, పద్ధతి తెలియక తప్పినది, కూడికలో తొందరపడి తప్పినది. మొదటిదానికి మందు నిదానము, రెండవదానికి చదువు, మూడవదానికి చేతి అలవాటు. ఏ పద్దు పెరుగుచున్నదో వారమున కొకసారి చూచుకొనవలెను. వారము గడచిన పిదప ఆ లెక్కలనే జవాబు చూడక మరల చేయవలెను. వేయి క్రొత్త ప్రశ్నలు చేసి తప్పులను మరచినవానికంటె, వంద ప్రశ్నలు చేసి తప్పులను సవరించుకొన్నవాడు ముందుండును.

పట్టణమున గది అద్దెకు తీసికొని, రుసుము చెల్లించి శిక్షణ పొందుట ప్రతి యింటికిని సాధ్యము గాదు. ఆడపిల్లను ఒంటరిగా పంపుటకు వెనుదీయు ఇండ్లును కలవు. డబ్బు లేమి చేతనో, భయము చేతనో ఒక తెలివైన బిడ్డ వెనుకబడుట గ్రామమునకే నష్టము. దీనికి గ్రంథాలయము చేయదగిన పని పెద్దది గాదు: గడచిన సంవత్సరముల ప్రశ్నపత్రములు, ఒక పొడుగాటి బల్ల, ఒక గోడ గడియారము, ఆదివారమున రెండున్నర గంటల నిశ్శబ్దము. రజతోత్సవపు ఖర్చులలో తోరణములకైన దానిలో కొంత దీనికి మిగిల్చిన చాలును.

చందాదారులకొక విన్నపము. ప్రశ్నల పుస్తకమున పెన్సిలుతోనైనను జవాబు గుర్తింపవలదు. నవలలో గీత గీసినను కథ మిగులును. ప్రశ్న ప్రక్కన జవాబు వ్రాసినచో తరువాతి పాఠకునకు ప్రశ్నయే మిగులదు. జవాబులు ఎవరి చిట్టాలో వారు వ్రాసికొని, పుస్తకమును తెల్లగా తిరిగి ఈయవలెను.