జాగలు కాదు, గడప దాటే పైసలు అడుగుదాం

(ఉద్యోగులు, విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సొంతింటి గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచిన్రు. మాకున్న అర్హత ఒకటే. మేం జర్నలిస్టులం. 2009 డిసెంబర్‌ల క్యాంపస్‌ల ఉన్నోళ్లం. 2011ల సకల జనుల సమ్మె నడిచిన 42 రోజులు మీ వెంబడి తిరిగినోళ్లం. ఇయ్యాల నలభైకి దగ్గర పడ్డం, ఇంకా కిరాయి ఇండ్లల్లనే ఉన్నం. ఈ హాల్ల కూసున్నోళ్లల్ల సగం మంది కథ ఇదే అనుకుంటున్నం.

ముందుగాల మా సంగతే చెప్తం. ఉమ్మడి రాష్ట్రంల 2005ల, 2008ల జీవోలు తీసి హైదరాబాద్‌ల సర్కారు భూములను హౌసింగ్ సొసైటీలకు ఇచ్చే పద్ధతి పెట్టిన్రు. ఎవరికి? ఎంపీలు, ఎమ్మెల్యేలు, అఖిల భారత సర్వీసుల అధికారులు, జడ్జీలు, సైనికాధికారులు, ప్రభుత్వ ఉద్యోగులు, ఆ వరుసలనే జర్నలిస్టులు. మావాళ్లు అప్పోసప్పో చేసి పైసలు కట్టిన్రు. ఏండ్లకేండ్లు ఎదురుచూసిన్రు. కొందరు ఎదురుచూస్తనే కన్నుమూసిన్రు. 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు ఆ కేటాయింపులు చెల్లవన్నది. పలుకుబడి ఉన్నోళ్లను వేరే తరగతిగా చూసి తక్కువ ధరకు భూమి ఇచ్చుడు రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమన్నది. కట్టిన పైసలు మిత్తితో వాపస్ ఇయ్యమన్నది.

తీర్పొచ్చిన రోజు మాకు బాధైంది, దాచిపెట్టుకునుడెందుకు. కానీ తీర్పు చదివినంక మమ్మల్ని మేం ఒక ప్రశ్న అడుక్కున్నం. మేం వార్త రాసే గల్లీని పొద్దున్నే ఊడ్చే అక్క కూడా కిరాయి ఇంట్లనే ఉంటది. ఆమె పేరు ఏ సొసైటీ జాబితల ఉండె? ఇయ్యాల మళ్లా మనం జాగల కోసమే మెమోరాండం ఇస్తే ఆమెకు ఏం జవాబు చెప్తం?

ఇల్లు కొనుడు అసలు ఎక్కడ ఆగుతున్నదో లెక్క చూద్దాం. జూనియర్ అసిస్టెంటు నౌకరి చేసే తమ్ముడు, ప్రైవేటు బడిల పాఠం చెప్పే ఆయన భార్య అనుకోండ్రి. నగరం చివర 40 లక్షల ఫ్లాటు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం లోను 30 లక్షలు దాటితే ఇంటి ధరల 80 శాతం మించి ఇయ్యొద్దు. అంటే 32 లక్షలు బ్యాంకు ఇస్తది, 8 లక్షలు చేతి నుంచి పెట్టాలె. దాని మీద రిజిస్ట్రేషన్. 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 3 లక్షలు. మొత్తం 11 లక్షలు తాళం చెయ్యి చేతికి రాకముందే కావాలె.

రెండు జీతాలు కలిస్తే నెల కిస్తు ఎట్లనో కడ్తరు. ఒక్కపాలి 11 లక్షలు ఎక్కడికెళ్లి తెస్తరు? చిట్టి ఎత్తుతరు. పుస్తెలతాడు కుదువపెడ్తరు. నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తరు. ఊర్ల అమ్మ పేరు మీదున్న ఎకరం అమ్ముతరు. అమ్మేటందుకు ఎకరం లేనోడు కిరాయిలనే రిటైరైతడు. అందుకే, అందరు తండ్లాడేది డౌన్ పేమెంట్ దగ్గరనే అంటున్నం.

సర్కారు పథకాలు లేవా అంటే ఉన్నయి. మధ్యతరగతికి సర్కారే ఇండ్లు కట్టిస్తదని 2007ల రాజీవ్ స్వగృహ పెట్టిన్రు. బండ్లగూడ, పోచారం టవర్లు ఏండ్ల తరబడి ఎవరు ఉండక ఎట్లున్నయో మనమే వార్తలు రాసినం. 2022ల గాని లాటరీ తీసి అమ్మలేదు. కేంద్రం మిత్తి రాయితీ ఇచ్చింది. అది లోను మంజూరైనంక ఖాతాల పడే పైసలు, గడప బయట ఆగినోనికి ఏం అక్కరకొస్తయి? 2024ల మొదలైన ఇందిరమ్మ ఇండ్లల్ల ముందుగాల సొంత జాగ ఉన్నోళ్లకు 5 లక్షలన్నరు. పట్నంల కిరాయికున్నోనికి జాగెక్కడిది? హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు రెగ్యులర్ ఉద్యోగికే. అవుట్ సోర్సింగోళ్లకు ఆ ఫారం కూడ దొరకది.

ఇదే కష్టానికి వేరే దేశంల నగర ప్రభుత్వాలు ఏం చేసినయో చూద్దాం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌ల 1978 నుంచి ఒక పథకం నడుస్తున్నది. మొదటిసారి ఇల్లు కొనేటోనికి డౌన్ పేమెంట్‌ను నగర ప్రభుత్వమే అప్పుగ ఇస్తది. ఆదాయం తక్కువున్నకొద్ది సాయం ఎక్కువ. 2022ల గరిష్ఠ పరిమితిని 2 లక్షల 2 వేల డాలర్లకు పెంచిన్రు. నగర ప్రభుత్వ ఉద్యోగులకు వేరే పథకం ఉన్నది. అందుల 20 వేల డాలర్ల దాకా మిత్తి లేని అప్పు.

శాన్‌ఫ్రాన్సిస్కోల ఇంకో తీరు. నగరం ఇచ్చిన అప్పుకు నెలనెలా కిస్తు లేదు. ఇల్లు అమ్మిననాడు అసలు కట్టాలె, దాంతోపాటు పెరిగిన ధరల నగరానికి వాటా ఇయ్యాలె. ధరల అయిదో వంతు నగరం పెడితే, పెరిగిన దాంట్ల అయిదో వంతు నగరానిది. ఆ పైసలు ఇంకో కుటుంబానికి పోతయి. బడి పంతుళ్లకు, పోలీసు, ఫైర్ సిబ్బందికి అండ్ల ప్రత్యేక వాటా పెట్టిన్రు.

అక్కడ అంతా బంగారమని మేం అంటలేం. అడిగేటోళ్లు ఎక్కువ, పైసలు తక్కువ, శాన్‌ఫ్రాన్సిస్కోల లాటరీ తీస్తరు. ఇండ్లు పెంచకుండ కొనేటోని చేతికి పైసలిస్తే ధర పెరిగి అది బిల్డర్ జేబులకే పోతది. ఈ ప్రమాదం మనకూ ఉన్నది. అందుకే ఆలోచించి అడుగుదాం.

ఒకటి. 11 లక్షలల్ల 3 లక్షలు సర్కారే తీసుకుంటున్నది. అండ్ల ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం స్థానిక సంస్థలది. తక్కువ జీతపోడు మొదటి ఇల్లు కొన్ననాడు ఆ 3 లక్షలు వసూలు చెయ్యకుండ ఇంటి మీద అప్పుగ రాసుకొమ్మందాం. అమ్మిననాడు తీసుకోని. కొత్తగ బడ్జెట్‌ల రూపాయి పెట్టే పని లేదు.

రెండు. మిగిలినదాంట్ల కొంత నగరపాలక సంస్థ మిత్తి లేకుండ ఇయ్యాలె. అమ్మిననాడు అసలు, వాటా తిరిగి అదే నిధికి చేరాలె.

మూడు. వరుస హోదాను బట్టి ఉండొద్దు, ఆదాయాన్ని బట్టి ఉండాలె. పారిశుధ్య కార్మికులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశాలు, ఆర్టీసీ కార్మికులు, అవుట్ సోర్సింగ్ ఉద్యోగులు, అందరికీ ఒకటే లైను. జర్నలిస్టులం మేం కూడ ఆ లైన్లనే నిలబడ్తం.

నాలుగు. కట్టుడైన ఇల్లుకే సాయం. కొన్నోడు అండ్లనే ఉండాలె, కిరాయికియ్యొద్దు. జాబిత వార్డు ఆఫీసు గోడకు అతికించాలె.

ఇంకో మాట. జీతం 15 వేలున్న అక్కకు డౌన్ పేమెంట్ ఇచ్చినా నెల కిస్తు కట్టలేదు. ఆమెకు సర్కారు కట్టిచ్చే ఇల్లు, తక్కువ కిరాయి ఇల్లు కావాలె. ఆ కొట్లాట వేరేగ ఉన్నది. మన డిమాండ్ పేరు మీద దాన్ని పక్కకు పెట్టనియ్యొద్దు.

మీ సంఘాలు ఇచ్చే తర్వాతి మెమోరాండంల ఇండ్ల జాగలు అన్న పదం కొట్టేసి ఈ నాలుగు మాటలు రాయండ్రి. మొదటి సంతకాలు మావే పెడ్తం. ఊడ్చే అక్క సంతకం కూడ ఆ కాయితం మీద ఉండేటట్టు చూసుకుందాం.