మూత్రనాళిక – మన జాగరూకత



నేడు నేను విన్నవింపబోవు విషయమును నలుగురిలో పలుకుటకు పలువురు సంకోచింతురు. కాని ఋణశేషము, అగ్నిశేషము, రోగశేషము ఉంచరాదని మన పూర్వులు చెప్పిరి. సంకోచముచే దాచిన రోగము మఱింత ముదురును గదా! కావున మన్నించి ఆలకింపుడు.

ఆదోని, పత్తికొండ మొదలగు సీమలవారు కర్నూలు పెద్దాసుపత్రికిని, జమ్మలమడుగు, పులివెందుల వైపువారు కడపకును రోగులను కొనిపోవుచుందురు. అచ్చట మూత్రము బంధించిన వృద్ధులకును, పెద్ద శస్త్రచికిత్స జరుగు వారికిని వైద్యులు మూత్రమార్గమున మెత్తని గొట్టము నొకదానిని అమర్చుదురు. దీనికి కేథెటరని పేరు. మన జనులు మూత్రపు పైపందురు. ఇది మనకు బొత్తిగా క్రొత్త యూహ కాదు. సుశ్రుతాచార్యులు నూట యొక్క యంత్రములను పేర్కొని, వానిలో ఇరువది నాడీయంత్రములనిరి. మూత్రమార్గమున ఔషధమును పంపు ఉత్తరవస్తియంత్రము వానిలోనిదే. నేడు వాడుకలోనున్న బుడగ గొట్టమును అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలే 1930 తరువాతి సంవత్సరములలో రూపొందించెను. మూత్రాశయములో దాని కొనయందలి బుడగ నీటితో ఉబ్బి, గొట్టము జారకుండ నిలుపును. అందుచే రోగిగాని బంధువులుగాని దానిని లాగరాదు. లాగినచో లోపలి మార్గము చీలి రక్తము స్రవించును.

ఈ గొట్టము మేలుచేయు వస్తువే. అయినను ఇది శరీరమునకు పరాయి వస్తువు. దిగుడుబావి మెట్టుపై నాచు పట్టునట్లు, దీని గోడలపై సూక్ష్మజీవులు జిగట పొరగా అల్లుకొనును. ఆ పొరలో దాగిన జీవులను మందులు సులభముగా చంపజాలవు. గొట్టమున్న ఒక్కొక్క దినమునకు నూటికి 3 మొదలు 7 వంతుల చొప్పున మూత్రమున క్రిములు చేరు నవకాశము పెరుగునని వైద్యులు లెక్కగట్టిరి. నెల దినములుంచినచో ఇంచుమించు అందరి మూత్రమునను అవి చేరును. చేరినంతమాత్రమున వ్యాధి యనరాదు; కాని కొందరిలో అవి మూత్రపిండములకును, రక్తమునకును ప్రాకి ప్రాణాపాయమగును.

ఇందుండి తేలు ధర్మసూక్ష్మ మొక్కటే: అవసరము తీరిన గొట్టము ఒక్క దినమైనను లోపల ఉండరాదు.

నా జ్యేష్ఠసోదరునకు తొడయెముక విరిగినపుడు ఒక వైద్యశాలలో నేను తోడుంటిని. శస్త్రచికిత్స జరిగిన రెండవ దినమున నర్సమ్మగారిని, "అమ్మా, ఈ పైపు ఇంకను కావలెనా?" అని వినయముతో అడిగితిని. ఆమె వైద్యునకు చెప్పగా, ఆయన చూచి ఆ సాయంకాలమే తీయించెను. ప్రక్కమంచపు వృద్ధునకు కాలు చక్కబడినను పైపు అట్లే యుండెను. లేచి పోవు శ్రమ తప్పుచున్నదని ఇంటివారును సంతసించిరి. పిమ్మట ఆయనకు చలిజ్వరము వచ్చెను. మూత్రమార్గమున క్రిములు ప్రబలినవని వైద్యులు తేల్చిరి. ఇంటికి పోవలసిన మనిషి మఱి పది దినములు మంచముపైననే యుండెను. శ్రమ తప్పుట వేఱు, అవసరము వేఱు.

ఇక తోడుండువారు పాటింపవలసిన నియమములు చెప్పెదను. మన ఆసుపత్రులలో రోగికి పరిచర్య చేయువారు చాలవఱకు బంధువులే కావున ఇవి మనకే ముఖ్యములు.

మొదటిది, చేతుల శుద్ధి. 1847లో వియన్నా నగరమున సెమ్మెల్వైసను వైద్యుడు తోటివారిచే చేతులు కడిగించి బాలింతల మరణములను మిక్కిలి తగ్గించెను. గొట్టమును, సంచిని ముట్టుటకు ముందును వెనుకను సబ్బుతో చేతులు కడుగుకొనవలయును.

రెండవది, సంచి స్థానము. సుంకేసుల యొద్ద తుంగభద్రను వీడిన నీరు కర్నూలు–కడప కాలువ వెంట ఇంతదూరము పారుటకు నేల వాలే కారణము గదా! మూత్రమునకును అదియే న్యాయము. సంచి ఎల్లప్పుడు రోగి మూత్రాశయమునకు దిగువగా వ్రేలాడవలెను. కాని నేలను తాకరాదు. బండిపై మఱియొక గదికి కొనిపోవునపుడు సంచిని రోగి పొట్టపై పెట్టుట కలదు. అట్లు చేసినచో సంచిలోని మలినమూత్రము వెనుకకు పారును.

మూడవది, గొట్టము మెలిపడరాదు, కాలిక్రింద నలగరాదు. దానిని తొడకు అంటించియుంచిన ఒరిపిడి యుండదు. గొట్టమును సంచినుండి ఊడదీయరాదు. ఊడిన ప్రతిసారియు క్రిములకు వాకిలి తెఱచినట్లే. సంచి నిండకమునుపే క్రింది కొళాయి ద్వారా ఖాళీచేయవలెను. ఒకరికి వాడిన పాత్రను మఱియొకరికి వాడరాదు.

నాల్గవది, ఆ తావును ప్రతిదినము సబ్బుతో, నీటితో శుభ్రపఱచిన చాలును. వైద్యులు వలదననిచో రోగికి తగినంత నీరీయవలెను. మనది ఎండలసీమ, దప్పికను ఓర్చుకొనుట మనకలవాటు. ఆ ఓర్పు ఇచ్చట పనికిరాదు.

మూత్రము మసకబారెననియో, వాసన వచ్చుచున్నదనియో మాత్రమే యాంటీబయాటిక్ మందులను కొని మ్రింగింపకుడు. అనవసరముగా వాడిన మందునకు క్రిములు లొంగకుండ పోవును. నిజముగ కావలసిననాడు ఆ మందు పనిచేయదు. కాని చలిజ్వరము, పొత్తికడుపునగాని నడుము ప్రక్కలగాని నొప్పి, వృద్ధులలో అకస్మాత్తుగా మతి తప్పుట కనబడినచో, లేక సంచిలోనికి మూత్రము దిగుట ఆగినచో, తడయక వైద్యునకు తెలుపుడు.

కొందరికి గొట్టము చాలకాలము తప్పనిసరి యగును. వారికిని ఈ నియమములే రక్ష. దానిని మార్చు సమయము వైద్యుడు నిర్ణయించును.

నేను వైద్యుడను గాను, బడిపంతులును. బడిలో ప్రశ్న వేయు బాలుని మెచ్చుకొనుట నా వృత్తిధర్మము. ఆసుపత్రిలో మీరును ప్రతి ఉదయము ఆ యొక్క ప్రశ్న వేయుడు: "ఈ గొట్టము నేడును అవసరమా?" అట్లడుగుట వైద్యుని శంకించుట కాదు, ఆయన పనిలో తోడ్పడుటయే. ఇకనుండి మీ ఊరినుండి ఎవరైనను రోగితో పట్టణమునకు బయలుదేరినపుడు, దారిబత్తెముతోపాటు ఈ మాటయు వారికి చెప్పి పంపుడు.

సెలవు.